అరగొండ నుంచి ఖమ్మం దాకా: వైద్య సాంకేతికతలో ట్రస్టులు, కంపెనీలు, మనం

చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలో అరగొండ అనే ఊరుంది. అర్ధగిరి ఆంజనేయస్వామి గుడి వల్ల ఆ పేరు తమిళనాడు దాకా తెలుసు. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు కూడా అదే. 2000 సంవత్సరం మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు, అక్కడి నుంచే ఈ ఊరి ఆసుపత్రిలోని టెలిమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించాడు. పల్లెటూరి రోగి ఇక్కడ కూర్చుంటే మద్రాసులోని స్పెషలిస్టు డాక్టరు అక్కడ తెర మీద చూసి సలహా చెప్తాడు. దేశంలో ఈ పద్ధతికి పల్లెల్లో పునాది పడింది మన జిల్లాలోనే అని ఆ తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. చెప్పుకోవడంలో తప్పు లేదు, అది నిజమే.

అయితే మన ప్రశ్న వేరు. ఆ తెర ముందు ఎవరు కూర్చున్నారు? ఎవరు కూర్చోలేకపోయారు? ఆ తెరను తెచ్చినవాళ్లెవరు, దాని ఖర్చు ఎవరిది, దాని పేరు ఎవరిది? ఇవి అరగొండ ఒక్కదానికే సంబంధించిన ప్రశ్నలు కావు. గత ముప్పై ఏళ్లలో వైద్యరంగంలోకి వచ్చిన కొత్త సాంకేతికతలో చాలా భాగం ఇట్లా ట్రస్టులూ కంపెనీలూ చేతులు కలిపి తెచ్చినదే. కంటి లెన్సులు, గుండెలో వేసే స్టెంట్లు, 108 అంబులెన్సులు, టీకాలు అన్నీ ఈ దారినే వచ్చాయి. వీటిని దండం పెట్టి అందుకోవడమో, లేదా ఇదంతా దోపిడీ అని ఒక్క మాటతో కొట్టేయడమో జరుగుతోంది. రెండూ మనకు పనికిరావు. ఎందుకంటే జబ్బు మనదే, శరీరం మనదే. కాబట్టి ఈ పొత్తు ఎట్లా పనిచేస్తుందో ముందు అర్థం చేసుకుందాం.

పొత్తు అంటే ఏమిటి?

చట్టం దృష్టిలో లాభాపేక్ష లేని సంస్థ అంటే లాభమే రాని సంస్థ కాదు. వచ్చిన మిగులును వాటాదారులు పంచుకోకుండా, చెప్పిన ఆశయం కోసమే ఖర్చు పెట్టాలి. అదీ దాని అర్థం. అది ట్రస్టు కావచ్చు, సొసైటీ కావచ్చు, కంపెనీ కూడా కావచ్చు. 1956 కంపెనీల చట్టంలో 25వ సెక్షన్ కింద, 2013 చట్టంలో 8వ సెక్షన్ కింద అట్లాంటి కంపెనీలు రిజిస్టరవుతాయి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు, పెద్ద పరిశ్రమలు తమ పక్కనే ఇట్లాంటి ఫౌండేషన్ ఒకటి పెట్టుకోవడం మామూలే. అరగొండలో టెలిమెడిసిన్ నడిపింది కూడా అపోలో గ్రూపుకు చెందిన అట్లాంటి ఫౌండేషనే.

పొత్తులో ఎవరి చేతిలో ఏముంటుంది? కంపెనీ దగ్గర యంత్రం, పేటెంటు, తయారుచేసే నైపుణ్యం ఉంటాయి. ట్రస్టు దగ్గర జనం నమ్మకం, క్యాంపులు పెట్టే అలవాటు, విరాళాలు ఉంటాయి. ప్రభుత్వం దగ్గర భూమి, ఆసుపత్రి, ఉపగ్రహం, అనుమతి ఉంటాయి. మన దగ్గర ఏముంది? మన దగ్గర జబ్బు ఉంది. మామూలుగా ఒప్పందం మొదటి మూడు పక్షాల మధ్యే జరుగుతుంది. నాలుగో పక్షానికి అందులో 'లబ్ధిదారు' అని పేరు పెడతారు. లబ్ధిదారుకు సంతకం చేసే చోటు ఉండదు, వేలిముద్ర వేసే చోటు మాత్రం ఉంటుంది.

2014 ఏప్రిల్ నుంచి ఇంకో మార్పు వచ్చింది. 500 కోట్ల నికర ఆస్తి గానీ, 1000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని కొత్త కంపెనీల చట్టం చెప్పింది. తాము పనిచేసే ప్రాంతానికి అందులో ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చెప్పింది. అంటే ఫ్యాక్టరీ పక్కనున్న పల్లెలో డయాలసిస్ యంత్రం పెడితే అది యజమాని దయ కాదు, పార్లమెంటు చేసిన చట్టం. ఈ తేడా మనవాళ్లకు తెలియాలి. దయకు కృతజ్ఞత చెప్తాం, చట్టానికి లెక్క అడుగుతాం.

తాకని వైద్యం

టెలిమెడిసిన్ పనిచేసే తీరు ఇది. పల్లె ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఇ.సి.జి., స్కానింగు తీస్తారు. వాటిని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెల్లోకి మారుస్తారు. టెలిఫోను తీగ మీదుగానో, డాబా మీద పెట్టిన గొడుగులాంటి యాంటెన్నా ద్వారా ఉపగ్రహం మీదుగానో నగరానికి పంపుతారు. అక్కడి స్పెషలిస్టు వాటిని చూసి, తర్వాత రోగితోనూ, పక్కనున్న డాక్టరుతోనూ వీడియోలో మాట్లాడతాడు. మొదట్లో మన టెలిఫోను తీగలు ఈ బరువు మోయలేని స్థితిలో ఉండేవి. అందుకే భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ ముందుకొచ్చింది. 2001లో అది మొదలుపెట్టిన టెలిమెడిసిన్ ప్రయోగం అరగొండను మద్రాసు అపోలోతో ఉపగ్రహం ద్వారా కలిపింది. తర్వాత కొన్నేళ్లకు ఆ సంస్థ నెట్‌వర్కులోకి దేశమంతటా మూడు వందలకు పైగా ఆసుపత్రులు వచ్చాయి. ఉపగ్రహం ప్రజల డబ్బుతో ఎగిరిందని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. పేరు మాత్రం ఎప్పుడూ తెర మీద కనపడేవాళ్లకే వస్తుంది.

దీనివల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. గుండె డాక్టరు కోసం, నరాల డాక్టరు కోసం మద్రాసుకో వేలూరుకో పోవాలంటే కూలోళ్లకు ఏమవుతుందో చిత్తూరు జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలి పోతుంది, బస్సు చార్జీలు, హోటలు తిండి, భాష రాక పడే అగచాట్లు. రోగి ప్రయాణం చేసే బదులు ఎక్స్‌రే ప్రయాణం చేస్తే ఇదంతా మిగులుతుంది. ఇది చిన్న సంగతి కాదు.

కానీ అగ్రకులాల పరిశోధకులు అడగని ప్రశ్న ఒకటి మనం అడగాలి. మా జిల్లాలో మన వాడలకు ఆది ఆంధ్రవాడలని, అరుంధతివాడలని పేర్లు. ఊరికీ వాడకూ మధ్య దూరం ఫర్లాంగే ఉండొచ్చు. అరగొండకూ మద్రాసుకూ మధ్య దూరాన్ని ఉపగ్రహం దాటింది. ఊరికీ వాడకూ మధ్యనున్న ఆ ఫర్లాంగును ఏ ఉపగ్రహం దాటుతుంది? తెర ఉన్న గదిలోకి ఎవరు ధైర్యంగా పోతారు, ఎవరు వరండాలోనే కూర్చుంటారు, ఎవరిని 'మళ్లీ రా' అంటారు? ఇవి యంత్రం చేతిలో లేవు, యంత్రం పక్కనున్న మనిషి చేతిలో ఉన్నాయి.

ఇంకో సంగతి. తాకడం, తాకకపోవడం అనేది మన చరిత్రలో మామూలు మాట కాదు. నాడి పట్టుకోకుండా దూరం నుంచే మందు పొట్లం విసిరిన వైద్యుల గురించి మా అవ్వల తరం చెప్పేది. ఇప్పుడు శాస్త్రం పేరుతోనే తాకకుండా వైద్యం వచ్చింది. దీంట్లో రెండు పార్శ్వాలున్నాయి. ఒకటి: కెమెరాకు కులం లేదు, అవతలి డాక్టరుకు మనం ఏ వాడ నుంచి వచ్చామో తెలీదు. ఇది కొందరికి నిజంగా ఊరట. రెండోది: కడుపు నొక్కి చూసి, కాలి వాపు పట్టి చూసి చెప్పాల్సిన జబ్బులున్నాయి. ఆ తాకే పని ఇవతలి డాక్టరో నర్సో చేయాలి. వాళ్లు చేయకపోతే అవతలి స్పెషలిస్టు ఎంత గొప్పవాడైనా అరకొర వైద్యమే. అంటే టెలిమెడిసిన్ డాక్టరు అవసరాన్ని తగ్గించదు. పల్లెలో మంచి డాక్టరు, నర్సు ఉంటేనే అది పనిచేస్తుంది. ఉన్న డాక్టరును తీసేసి తెర పెడతామంటే మాత్రం మనం ఒప్పుకోకూడదు.

తర్వాత ఈ పద్ధతి ప్రభుత్వ పరమైంది. 2019 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ-సంజీవని మొదలుపెట్టింది. దాన్ని తయారుచేసింది ప్రభుత్వ సంస్థ అయిన సి-డాక్. 2020 మార్చి 25న టెలిమెడిసిన్‌కు దేశమంతా వర్తించే మార్గదర్శకాలు వచ్చాయి. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవనిలో పది కోట్ల సంప్రదింపులు పూర్తయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే, దేశంలో మొదటి స్థానం. ఒక ఫౌండేషన్ ఊళ్లో మొదలుపెట్టిన ప్రయోగం ఇరవై ఏళ్లకు ప్రజలందరి హక్కుగా మారడానికి దారి తెరుచుకుంది. పొత్తుల వల్ల వచ్చే అసలైన మేలు ఇదే. అవి చిన్నగా చేసి చూపిస్తాయి. అందరికీ అందించడం మాత్రం ప్రభుత్వం వల్లనే అవుతుంది.

ధర ఎట్లా తగ్గుతుంది?

సాంకేతికత ఎంత గొప్పదైనా ధర దగ్గర మనకు తలుపు మూసుకుంటుంది. ఇక్కడ రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది మధురై అరవింద్ కంటి ఆసుపత్రిది. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి రిటైరైన తర్వాత 11 పడకలతో దాన్ని మొదలుపెట్టాడు. శుక్లాల ఆపరేషన్ చేశాక కంటి లోపల చిన్న లెన్సు అమరిస్తే చూపు బాగా వస్తుంది. అది లేకపోతే సీసా అడుగులాంటి మందం అద్దాలు పెట్టుకోవాలి. కానీ ఆ లెన్సులు విదేశాల నుంచి రావాలి, ఒక్కొక్కటి వేల రూపాయలు. డబ్బున్నోళ్ల కంట్లో లెన్సు, లేనోళ్ల ముక్కు మీద మందం అద్దాలు. ఈ తేడాను పోగొట్టడానికి 1992లో అరవింద్‌వాళ్లు ఆరోల్యాబ్ అనే సొంత తయారీ కేంద్రం పెట్టారు. అమెరికాలోని సేవా ఫౌండేషన్ లాంటి సంస్థలు సాయం చేశాయి, విదేశీ కంపెనీ దగ్గర తయారీ విద్య కొనుక్కున్నారు. లెన్సు ధర పదో వంతుకూ, ఇంకా కిందికీ దిగింది. పల్లెటూళ్ల ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగాలిచ్చారు. 2019లో అరవింద్ తిరుపతిలో కూడా ఆసుపత్రి తెరిచింది.

ఇక్కడ గమనించాల్సిన కిటుకు ఒకటుంది. కంపెనీ ట్రస్టుకు ఉచితంగా లెన్సులు ఇవ్వలేదు. ట్రస్టే తయారీని చేతిలోకి తీసుకుంది. ఉచితంగా ఇచ్చేది ఇచ్చినంత కాలమే ఉంటుంది. తయారుచేసే విద్య మన చేతికొస్తే బజారు ధరే మారిపోతుంది.

రెండో ఉదాహరణ హైదరాబాద్‌ది. రక్షణ పరిశోధనా సంస్థలో క్షిపణులు తయారుచేసిన అబ్దుల్ కలాం, గుండె డాక్టరు బి. సోమరాజు కలిసి 1998లో తక్కువ ధర స్టెంటు తయారుచేశారు. దానికి కలాం-రాజు స్టెంటు అని పేరొచ్చింది. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ అది. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థంతో పోలియో పిల్లల కాళ్లకు పట్టీలు చేసింది కూడా ఆ శాస్త్రవేత్తలే. మూడు కిలోల బరువున్న పట్టీ మూడు వందల గ్రాములకు దిగింది. నిమ్స్‌లో బరువు పట్టీలు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూసి ఆ పని మొదలుపెట్టామని కలాం చాలాసార్లు చెప్పాడు. పోలియో ఎక్కువగా ఎవరి పిల్లలకు వచ్చిందో మనకు తెలుసు. ఆ మేలును మరచిపోకూడదు.

అయినా స్టెంటు కథ అక్కడితో అయిపోలేదు. స్వదేశీ స్టెంటు వచ్చిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో స్టెంట్లు లక్ష రూపాయలకూ, ఆ పైనా అమ్ముడుపోయాయి. తయారీ ఖర్చు కంటే మధ్యలోని కమీషన్లే ఎక్కువ. ధర దిగింది ఎప్పుడు? 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ పరిమితి పెట్టినప్పుడు. మామూలు లోహపు స్టెంటు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంటు 29,600 రూపాయలు దాటకూడదని చెప్పింది. అంటే మంచి మనసున్న శాస్త్రవేత్త, మంచి డాక్టరు కలిసినా సరిపోలేదు. చట్టం కావాల్సి వచ్చింది.

108: కంపెనీ కూలితే బండి ఏమవుతుంది?

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడిపింది. ఫోను ఎత్తిన వెంటనే ఊరి పేరు కంప్యూటర్‌లో కనపడటం, దగ్గర్లోని బండిని పంపటం, బండిలోనే ప్రథమ చికిత్స చేయటం మనకు కొత్త. వాడల్లో ఇంటి దగ్గర కాన్పు కష్టమైతే మంచం మీద మోసుకుపోయిన రోజులు మా అమ్మల జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. 108 వచ్చాక ఆ మంచం మోత చాలావరకు పోయింది. తర్వాత 104 పేరుతో సంచార వైద్య వాహనాలూ వచ్చాయి.

2009 జనవరి 7న సత్యం లెక్కలు తప్పుడువని రామలింగరాజు స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ రోజు పెట్టుబడిదారులు షేర్ల గురించి ఏడ్చారు. పల్లెల్లో మాత్రం 'ఇంక 108 రాదా' అని భయపడ్డారు. బండ్లు ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ఆ నాటికే నడిపే ఖర్చులో దాదాపు మొత్తం ప్రభుత్వ ఖజానా నుంచే వస్తోంది. ఆ ఏడే నిర్వహణ జి.వి.కె. చేతికి పోయింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహకులు మళ్లీ మళ్లీ మారారు. 2020 జూలై 1న 108, 104 కలిపి 1,088 కొత్త వాహనాలు విజయవాడలో రోడ్డెక్కాయి.

కంపెనీ పేరు మారుతూ వచ్చినా బండి నడిచింది ప్రజల పన్నుతో. ఆ బండి తోలే డ్రైవరు, లోపల రోగిని పట్టుకునే టెక్నీషియను మాత్రం ప్రతి నిర్వాహకుడు మారినప్పుడల్లా కొత్త యజమాని కింద పనిచేయాలి. జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం వాళ్లు చేసిన సమ్మెలు మనం చూశాం. సాంకేతికత గురించి రాసేవాళ్లు యంత్రం గురించి రాస్తారు గానీ, యంత్రాన్ని మోసేవాళ్ల గురించి రాయరు. ఆసుపత్రిలో కూడా అంతే. స్కానింగు గది తుడిచేది, రక్తపు గుడ్డలు ఎత్తేది, శవాన్ని మోసేది ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గిపోయి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని అధికారులు ప్రకటించారు. ట్యాంకరు రావటం ఆలస్యమైంది. ఉపగ్రహంతో వైద్యం మొదలుపెట్టిన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఇది జరిగింది. కొత్త సాంకేతికత వద్దని దీని అర్థం కాదు. పాత, మామూలు సాంకేతికత అయిన ప్రాణవాయువు గొట్టం ముందు సరిగా ఉండాలి. దాని మీద ఎవరి పేరూ రాయరు, దాన్ని ప్రారంభించడానికి ఏ అధ్యక్షుడూ రాడు. అందుకే అది వెనకబడుతుంది.

ఖమ్మం పిల్లలు

ఇప్పటిదాకా సాంకేతికత మన దగ్గరికి రావటం గురించి మాట్లాడాం. మన శరీరాల మీద సాంకేతికతను పరీక్షించటం గురించి కూడా మాట్లాడాలి.

గర్భాశయ ముఖద్వార కాన్సర్ పేద ఆడవాళ్ల జబ్బు. ముందుగా కనిపెట్టే పరీక్షలు వాళ్లదాకా రావు. కనపడేసరికి ముదిరిపోతుంది. దాన్ని కలిగించే వైరస్‌ను ఆపే టీకా ఉంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ఈ టీకా మీద ఒక అధ్యయనం మొదలైంది. నడిపింది అమెరికాకు చెందిన పాత్ అనే లాభాపేక్ష లేని సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. భాగస్వాములు భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు. టీకాలు ఉచితంగా ఇచ్చినవి మెర్క్, గ్లాక్సో కంపెనీలు. మొదట్లో మనం చెప్పుకున్న పొత్తుకు ఇంతకంటే పూర్తి నమూనా దొరకదు.

ఖమ్మంలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. భద్రాచలం ప్రాంతం అందులో ఉంది. ఆదివాసీ పిల్లలు, దళితుల పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు, మహిళా సంఘాల నిరసనల తర్వాత 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి చనిపోయినవాళ్లు ఏడుగురు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ కమిటీ తేల్చింది. టీకా పనిచేస్తుందని ప్రపంచమంతా శాస్త్రం ఒప్పుకుంది కూడా. ఆ రెండు సంగతులూ మనం దాచకుండా చెప్పాలి. మన పిల్లలకు ఆ టీకా అవసరమని కూడా చెప్పాలి.

మరి తప్పు ఎక్కడ? అనుమతి దగ్గర. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో బయటపెట్టిన లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టలు వార్డెన్లు. బిడ్డను చదువు కోసం హాస్టల్లో వదిలిన తల్లి, ఆ బిడ్డ ఒంటి మీద హక్కును కూడా వార్డెనుకు వదిలిందని అనుకున్నారు. కంపెనీల వ్యాపార ప్రయోజనం కోసమే ఈ అధ్యయనం జరిగిందని ఆ సంఘం గట్టిగా విమర్శించింది. పొత్తులో ఉన్న ప్రతి పక్షమూ ఇంకో పక్షం చూసుకుంటుందిలే అనుకుంది. ట్రస్టుకు మంచి పేరుంది కాబట్టి ప్రభుత్వం అడగలేదు. ప్రభుత్వం ఉంది కాబట్టి హాస్టలువాళ్లు అడగలేదు.

ఈ లెక్క చదివినప్పుడు మాకు మా అవ్వ గుర్తొచ్చింది. మేము డిగ్రీ చదివే రోజుల్లో ఆమెకు ఒక క్యాంపులో కంటి ఆపరేషన్ చేయించాం. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది మేము ఒక్కరమే. కానీ కాగితం మా చేతికి ఇవ్వలేదు. లోపలికి తీసుకుపోయి ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు. బయటికొచ్చాక "అందులో ఏముందవ్వా?" అని అడిగితే, "ఏముందో ఎవురికి తెలుసు నాయినా, ఏలు పెట్టమనిరి, పెడితి" అనింది. ఆపరేషన్ బాగానే జరిగింది, చూపు వచ్చింది. అందుకే ఆ కాగితం గురించి మేమూ మరిచిపోయాం. మేలు జరిగినప్పుడు అడగం, కీడు జరిగినప్పుడు అడగడానికి కాగితం దొరకదు. ఖమ్మం పిల్లల అమ్మానాన్నలకు జరిగింది రెండోది.

ఖమ్మం వృథా పోలేదు. 2013లో ఔషధ పరీక్షల నిబంధనలు బిగించారు. బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద కొత్త మందు పరీక్షిస్తే, వాళ్లకు వివరించి అనుమతి తీసుకోవటాన్ని ఆడియో వీడియో రికార్డు చేయాలన్నారు. 2019లో కొత్త ఔషధాల నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం నీతి కమిటీలో కనీసం ఏడుగురుండాలి. అందులో ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు ఉండాలి. దళితుడో ఆదివాసీయో ఉండాలని మాత్రం లేదు. ఎవరి మీద పరీక్ష ఎక్కువగా జరుగుతుందో వాళ్లు నిర్ణయించే బల్ల దగ్గర లేరు. ఇక అదే జబ్బుకు సీరం ఇన్‌స్టిట్యూట్ కంపెనీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, గేట్స్ ఫౌండేషన్ పొత్తుతో సెర్వావాక్ అనే స్వదేశీ టీకా 2022లో అనుమతి పొందింది. పొత్తు అదే రకంది, కానీ ఈసారి తయారీ విద్య దేశంలో ఉంది. పొత్తు మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు జవాబు లేదు. ఏ షరతుల మీద అనే ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది.

మన వాడ అడగాల్సిన ప్రశ్నలు

రేపు మన ఊరికి ఏదో ఒక ఫౌండేషన్ కొత్త యంత్రంతోనో, కొత్త యాప్‌తోనో వస్తుంది. అప్పుడు సర్పంచుతో పాటు మనం కూడా ఈ ప్రశ్నలు అడగాలి.

ఒకటి, ఇది వైద్యమా, పరీక్షా? రెండింటికీ తేడా ఉంది. పరీక్ష అయితే వద్దనే హక్కు మనకుంది. వద్దంటే మామూలు వైద్యం ఆగిపోకూడదు.

రెండు, కాగితం తెలుగులో ఉందా? చదవడం రానివాళ్లకు చదివి వినిపించేది ఎవరు? వాళ్లకు నమ్మకమున్న మనిషి పక్కనుండాలి. కాగితం నకలు ఇంటికి ఇవ్వాలి.

మూడు, డబ్బు ఎవరిది? ఖజానాదా, కంపెనీ 2 శాతం వాటాదా, విరాళమా? ప్రజల డబ్బైతే లెక్క సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు.

నాలుగు, ఉచితం ఎన్నాళ్లు? ప్రాజెక్టు అయిపోయాక మందులు, రిపేర్లు ఎవరివి? మూడేళ్ల తర్వాత దుమ్ము కొట్టుకుపోయే యంత్రం కంటే రోజూ వచ్చే నర్సు మేలు.

ఐదు, మన జబ్బుల సమాచారం ఎవరి కంప్యూటర్‌లో ఉంటుంది, ఎవరికి అమ్ముతారు? డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం ఉందని తెలిస్తేనే అడగగలం.

ఆరు, ఉద్యోగాలు ఎవరికి? తుడిచే పని మన పిల్లలకు, తెర ముందు పని ఇంకొకరికి అంటే అది పాత ఊరే, కొత్త గోడలతో.

విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మొదటి తరం వాళ్లం మనం. ఇంజనీరింగు, ఫార్మసీ, నర్సింగు చదివినవాళ్లు మన వాడల్లో ఇప్పుడున్నారు. వాళ్లు కంపెనీల్లో ఉద్యోగం చేయటంతో ఆగకూడదు. నీతి కమిటీల్లో, ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో చోటు అడగాలి. ఇంగ్లీషు కాగితం చదివి ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పటం కూడా ఉద్యమంలో భాగమే. మనలో ఒక్కరు ఆ కాగితం చదివినా వేలిముద్రకు ముందు ఒక ప్రశ్న పుడుతుంది.

అరగొండ తెర మీద మద్రాసు డాక్టరు కనపడి పాతికేళ్లు దాటింది. ఆ తెర ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉంది. దాన్ని వాడుకుందాం. కానీ తెర అవతలివాళ్లు మనల్ని చూసినట్టే మనం కూడా వాళ్లను చూడాలి. ఒప్పందం కాగితంలో నాలుగో పక్షంగా మన పేరు కూడా రాయాలని అడగాలి. వేలిముద్ర వేసే చోట కాదు, షరతులు రాసే చోట.